20 అంగుళాల పెట్టె కోయించేశాను, ఇప్పుడు ముస్తఫాకి ఏ మానిటర్ పెట్టమంటారు?

తెనాలి_జాయ్‌స్టిక్:

అందరికీ నమస్కారం. తప్పు ముందే ఒప్పేసుకుంటున్నాను, తిట్లు తర్వాత: మానిటర్ కొనకుండానే వీడియో గేమ్ పెట్టె కోయించేశాను.

మాది తెనాలి, ఉద్యోగం విజయవాడలో. చిన్నప్పుడు మా బడి వెనక సందులో వీడియో గేమ్ కొట్టు ఉండేది. రూపాయి బిళ్ళకి ఒక ఆట. మొత్తం మూడు చెక్కపెట్టెలు, మూలనున్న దాంట్లో ముస్తఫా. దాని అసలు పేరు 'క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్' అని, క్యాప్‌కామ్ వాళ్ళు 1993లో తెచ్చారని నాకు పెళ్ళయ్యాక తెలిసింది. మా సందులో ఆ పేరు పలికినవాడు ఒక్కడూ లేడు. మన వంతు కోసం రూపాయి బిళ్ళని అద్దం అంచున నిలబెట్టి కాపలా కాయాలి. కన్ను మళ్ళిందా, బిళ్ళా పోయేది, వంతూ పోయేది.

ఇప్పుడు 41 ఏళ్ళొచ్చాక అలాంటి పెట్టె ఒకటి ఇంట్లో పెట్టుకోవాలని బుద్ధి పుట్టింది. నేను, మా బావమరిది, మా తోడల్లుడు ముగ్గురం కలిసి ఆడాలి (ముస్తఫా ముగ్గురి ఆట, తెలిసిందే). అందుకని బటన్ల పలక 30 అంగుళాల వెడల్పు చేయించాను, అది పెట్టె కంటే ముందుకీ పక్కలకీ పొడుచుకొస్తుంది. పెట్టె మాత్రం 18 ఎంఎం ప్లై, లోపలి వెడల్పు సరిగ్గా 20 అంగుళాలు. ఆ కొలత ఎక్కడిదంటే నెట్‌లో దొరికిన ఒక డ్రాయింగ్ నుంచి. 'మీరు చెప్పిందే కదండీ కోశాను' అంటారు కార్పెంటర్ గారు. ఆయన తప్పేం లేదు.

చేతిలో రాస్ప్‌బెర్రీ పై 4 అనే బుల్లి కంప్యూటర్ బోర్డు ఉంది. స్టిక్కులు, బటన్లు వచ్చేశాయి. తెర విషయంలో నా ముందున్నవి ఇవీ.

మామగారి అటక మీద 21 అంగుళాల డబ్బా టీవీ, శుభ్రంగా పనిచేస్తోంది. వెనక పసుపు, తెలుపు, ఎరుపు పిన్నులు తప్ప ఇంకేం లేవు. మా ఆఫీసులో తీసేస్తున్న 19 అంగుళాల చదరం మానిటర్, 700 ఇస్తే నాదే. కొత్తది కొనాలంటే 21.5 అంగుళాల వైడ్ పెట్టెలో పడుతుంది, 24 పట్టదు. పక్క ప్లైలకి లోపలివైపు గాడి కొడితే 24 కూడా దూరుతుందని కార్పెంటర్ గారు అంటున్నారు.

ఆడేవి: ముస్తఫా, స్ట్రీట్ ఫైటర్ 2, కింగ్ ఆఫ్ ఫైటర్స్ 97, అప్పుడప్పుడు మెటల్ స్లగ్. మా ఆవిడకి ప్యాక్‌మ్యాన్ తప్ప ఇంకేదీ అక్కర్లేదు. హాల్లో చోటిచ్చింది ఆవిడే కనక ప్యాక్‌మ్యాన్ అగ్గిపెట్టెంత కనిపిస్తే నాకు అన్నం ఉండదు. ఏం చేయమంటారు?


పిక్చర్‌ట్యూబ్_మాస్టారు:

బాబూ, రాజమండ్రిలో 26 ఏళ్ళు టీవీలు బాగుచేసి ఇప్పుడు కూచున్నవాణ్ణి. మీ సందు కొట్టులాంటివి మా ఊళ్ళోనూ ఉండేవి. రెండు కొట్లకి పెట్టెలు నేనే బిగించాను కాబట్టి చెబుతున్నా. లోపల ఉన్నది మామూలు టీవీయే, కానీ వెనక పిన్ను నుంచి కాదు బొమ్మ వచ్చేది. గేమ్ బోర్డు నుంచి ఎరుపు, ఆకుపచ్చ, నీలం, సింక్ (గీత ఎప్పుడు మొదలవ్వాలో చెప్పేది) నాలుగు తీగలు బయటికొస్తాయి. వాటిని టీవీ బోర్డు లోపలికి తీసుకెళ్ళి కలిపేవాళ్ళం. అందుకే ఆ రంగులు అంత గాఢంగా ఉండేవి. పసుపు పిన్నులో అవన్నీ ఒకే తీగలో కలిసి వస్తాయి, అంచులు కాస్త అలుక్కుపోతాయి. ఎర్ర చొక్కా అయితే మరీను.

ట్యూబు గొప్పతనం ఏమిటంటే దానికి సొంత చుక్కల లెక్కంటూ లేదు. మన దేశంలో వాడే పాల్ పద్ధతి టీవీ సెకనుకి 15,625 గీతలు గీస్తుంది. ఆ కాలం గేమ్ బోర్డులూ దాదాపు అంతే, 15 వేల చిల్లర. బోర్డు ఎన్ని గీతలిస్తే ట్యూబు అన్నే గీస్తుంది. సినిమా, వార్తలు వచ్చేటప్పుడు ఒకసారి బేసి గీతలు, ఒకసారి సరి గీతలు గీస్తుంది. గేమ్ బోర్డు మాత్రం ప్రతిసారీ ఒకే చోట గీయిస్తుంది, మధ్య గీత ఖాళీగా నల్లగా మిగులుతుంది. మీరు చిన్నప్పుడు చూసిన ఆ చారల చీర లాంటి బొమ్మ అదే. పైగా బటన్ నొక్కడానికీ దెబ్బ పడడానికీ మధ్య టీవీ తినే ఆలస్యం ఏమీ ఉండదు.

ఇంత పొగిడి ఇప్పుడు వద్దంటానేమో చూడండి. నాలుగు మాటలు.

పాత టీవీల్లో చాలావాటికి లోపలి బోర్డు నేరుగా కరెంటు లైనుతో కలిసి ఉంటుంది. మేం కరెంటు లైను నుంచి విడదీసే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టకుండా గేమ్ బోర్డు కలిపేవాళ్ళం కాదు. వెనక మూత తీసి తీగలు కలపాలని మీకు ఎవరైనా వీడియో చూపిస్తే చూసి ఊరుకోండి. ట్యూబు నెత్తి మీద రబ్బరు టోపీ ఉంటుంది, దాని కింద 20 వేల వోల్టుల పైమాటే. స్విచ్ ఆపినా ప్లగ్గు పీకినా అది చాలాసేపు అలాగే కాచుకుని ఉంటుంది. నాకు రెండుసార్లు తగిలింది. ఒకసారి వెనక్కి పడి బెంచీ మీది ఇంకో టీవీని పడేశాను.

పెట్టాలంటే ప్లాస్టిక్ ఒంటితో సహా, మూత విప్పకుండా పెట్టండి. అప్పుడు మీ 20 అంగుళాల్లో పడుతుందా? 21 అంగుళాలనేది ట్యూబు మూల నుంచి మూలకి. పక్కన స్పీకర్లున్న మోడల్ అయితే ఒళ్ళు రెండడుగులు తేలుతుంది. టేపు పెట్టి కొలవండి.

టీవీని పక్కకి పడుకోబెట్టి ప్యాక్‌మ్యాన్ ఆడాలని చూడకండి. మూలల్లో ఊదారంగు మచ్చలొస్తాయి, వేడి పోయే దారులూ మారిపోతాయి.

చివరిగా, కరెంటు పోయి వచ్చాక టీవీ దేనిమీద తెరుచుకుంటుందో చూడండి. చాలా సెట్లు ఛానల్ ఒకటి మీదకి పోతాయి, ఏవీ ఇన్‌పుట్ (ఆ పసుపు పిన్ను) మీదకి రావు. పెట్టె ఆన్ చేసిన ప్రతిసారీ రిమోట్ వెతుక్కోవాలి.

ఆ టీవీ మోడల్ ఏమిటో, వెనక స్టిక్కర్ మీద ఏముందో వీలుంటే రాయండి. ఊరికే, తెలుసుకుందామని.


పార్క్‌లేన్_పక్షి:

మాస్టారు చెప్పినదానికి తిరుగులేదు. నేను సికింద్రాబాద్‌లో రెండు పెట్టెలు కట్టాను, రెండూ ఎల్‌సీడీలే. మీ ప్రశ్నకి నేరుగా వస్తాను.

మానిటర్ డబ్బా మీద రాసిన అంగుళాలు మర్చిపోండి. ప్యాక్‌మ్యాన్ తప్ప మీ ఆటలన్నీ 4:3 బొమ్మలు, అంటే వెడల్పు నాలుగు పాళ్ళు, ఎత్తు మూడు పాళ్ళు. వైడ్ తెర మీద పెడితే రెండు పక్కలా నల్లపట్టీలు వస్తాయి, మీకు దక్కేది మధ్య ముక్కే. కాబట్టి చూడాల్సింది ఎత్తు.

21.5 వైడ్: తెర ఎత్తు 268 ఎంఎం. ముస్తఫాకి దక్కేది 357 వెడల్పు, 268 ఎత్తు. మూల నుంచి మూలకి 17.6 అంగుళాలు.
ఆఫీసు 19 చదరం: తెర 376×301. అది 5:4 కాబట్టి పైనా కిందా సన్నపట్టీ వస్తుంది. దక్కేది 376×282, అంటే 18.5 అంగుళాలు.
24 వైడ్: ఎత్తు 299. దక్కేది 19.6 అంగుళాలు.

కొత్త 21.5 కంటే మీ 700 రూపాయల మానిటర్‌లోనే ముస్తఫా పెద్దగా ఉంటాడు! నేను మొదటి పెట్టెకి ఈ లెక్క చేయకుండా కొత్త 21.5 కొన్నాను. ఇప్పుడది మా అమ్మాయి ఆన్‌లైన్ క్లాసులకి వాడుకుంటోంది.

24కి గాడి కొట్టే సంగతి: తెర వెడల్పే 531, చుట్టూ ఫ్రేముతో 540 అనుకోండి. మీ పెట్టె లోపల 508. తేడా 32, పక్కకి 16. మీ ప్లై 18. అందులో 16 చెక్కితే మిగిలేది 2 ఎంఎం. మీ తోడల్లుడు గెలిచిన ఊపులో ఒక దెబ్బ కొడితే మానిటర్ బయటి నుంచి కనిపిస్తుంది. కార్పెంటర్ గారికి దండం పెట్టి వద్దనండి.

ఇక ప్యాక్‌మ్యాన్. 1980లో నామ్కో వాళ్ళు ట్యూబుని నిలువుగా తిప్పి బిగించారు, బొమ్మ 224 వెడల్పు, 288 ఎత్తు. గలాగా, డాంకీ కాంగ్ కూడా నిలువే. అడ్డంగా పెట్టిన తెర మీద నిలువు ఆట ఆడితే మళ్ళీ ఎత్తే కొలబద్ద. 19 చదరం ఎత్తు 301, 24 వైడ్ ఎత్తు 299. కాబట్టి రెండింట్లోనూ ప్యాక్‌మ్యాన్ ఒక్కటే, సుమారు 15 అంగుళాలు. 24 కొన్నా మేడమ్‌గారికి అదనంగా ఒరిగేది ఏమీ లేదు. 21.5లో అయితే 13 చిల్లరకి పడిపోతుంది.

నన్నడిగితే మీరు వెతకాల్సింది ఇంకొకటి ఉంది: 20.1 అంగుళాల అసలైన 4:3, 1600×1200 చుక్కలది. డెల్ 2007ఎఫ్‌పీ, హెచ్‌పీ ఎల్‌పీ2065 అలాంటివి. ఇప్పుడు కొత్తవి రావు, పాత సామాను కొట్లలో తగిలితే తగులుతాయి. తెర 408×306, పట్టీలేవీ లేకుండా మొత్తం ముస్తఫాదే. ఫ్రేముతో కలిపి 17.5 అంగుళాలు ఉంటుంది, మీ పెట్టెలో హాయిగా పడుతుంది.

1600×1200 ఎందుకంటే, పాత ఆటల్లో గీతలు 224 లేదా 240. 240ని అయిదుతో గుణిస్తే 1200, సరిగ్గా. 224 అయిదింతలు 1120, పైనా కిందా 40 చొప్పున మిగులుతుంది. మాస్టారు చెప్పిన చారల చీర కావాలంటే షేడర్ (బొమ్మ మీద చారలు గీసే సాఫ్ట్‌వేర్ ఫిల్టర్) వేసుకోవాలి. గీతలు పూర్తి గుణిజంలో లేకపోతే ఒక చార లావు, ఒక చార సన్నం వచ్చి తెర పైకీ కిందికీ పోతున్నప్పుడు అలల్లా కదులుతుంది. 1080 గీతలుండే వైడ్ తెరలో 224ని నాలుగింతలే చేయగలం, 896. మిగతా 184 గీతలు వృథా.

ఒక్క జాగ్రత్త. గుణిజం అన్నాను కదా అని అడ్డంగా కూడా గుణించకండి. ముస్తఫా బోర్డు 384×224. ఆ చుక్కలు చతురస్రాలు కావు, అసలు పెట్టెలో వాటిని 4:3లోకి నొక్కి చూపిస్తారు. రెండువైపులా ఒకే గుణిజం పెట్టారా, ముస్తఫా పెళ్ళి భోజనాల తర్వాత బావమరిదిలా తయారవుతాడు. నిలువుకి గుణిజం, అడ్డానికి 4:3, అంతే.


ఆలస్యంగా_లేచినవాడు:

ఇంత గొడవెందుకన్నా, 55 అంగుళాల టీవీకి పెట్టేసుకుని సోఫాలో కూచుని ఆడుకోండి.


తెనాలి_జాయ్‌స్టిక్:

@ఆలస్యంగా_లేచినవాడు: తమ్ముడూ, ఆ టీవీలో సీరియల్ వస్తుంటుంది.

మాస్టారూ, టేపు పెట్టాను. స్పీకర్లతో కలిపి 24 అంగుళాలు. ఇద్దరం కలిసి అటక మీద నుంచి దించాం, దించేటప్పుడు మామగారి చూపు చూడాలి మీరు. ఏవీలో కాసేపు ఆడాను. హెచ్‌డీఎమ్‌ఐ నుంచి ఏవీకి మార్చే చిన్న డబ్బా ఒకటి కొన్నాను. బొమ్మ వచ్చింది కానీ చారల్లేవు, అక్షరాలు వణుకుతున్నాయి. పైగా స్ట్రీట్ ఫైటర్‌లో నేను నొక్కేదీ ర్యూ చేసేదీ మొగుడూ పెళ్ళాల్లా ఎవరి దారి వాళ్ళది.

పక్షిగారూ, మీ లెక్కలు చదివాక నిన్న రాత్రి పాత దినపత్రికలు తీసి మీరిచ్చిన కొలతలకి కత్తిరించాను. 357×268, 376×282, 408×306. మూడూ పెట్టె ముందు ప్లై మీద గుండుసూదులతో గుచ్చి అయిదడుగులు వెనక్కి వచ్చి చూశాను. కాగితం మీద ఇరవై ముప్ఫై ఎంఎం తేడా ఏపాటి అనుకున్నాను. ప్లై మీద పెడితే మొదటిది బడి హాల్‌టికెట్‌లా, మూడోది ఆట పెట్టెలా ఉన్నాయి. నిలువు ప్యాక్‌మ్యాన్‌కి కూడా ఒకటి కత్తిరించాను. మా ఆవిడ దాన్ని చూసి 'ఇది పోస్టుకార్డు' అని లోపలికి వెళ్ళిపోయింది.

అందుకని ఇంకో ఆలోచన. మానిటర్‌ని తిప్పగలిగే బిగింపు పెడితే? ఫైటింగ్ ఆటలకి అడ్డంగా, ఆవిడ ఆటకి నిలువుగా.


డాలస్_నాణెం:

నేను నెల్లూరువాణ్ణి, ఇప్పుడు డాలస్ పక్కన. గ్యారేజీలో అసలైన పాత పెట్టెలు రెండున్నాయి, ఒకటి ప్యాక్‌మ్యాన్. దాని ట్యూబు ఎన్ని గంటలు వెలిగిందో గానీ, స్విచ్ ఆపినా చిక్కుదారి గీతలు అద్దం మీద గోధుమరంగు నీడలా కనిపిస్తూనే ఉంటాయి.

మీరు పరిమాణం గురించి బెంగపెట్టుకోకండి. ఆ కాలపు పెట్టెల్లో ఎక్కువగా ఉన్నది 19 అంగుళాల ట్యూబే.   మీరు 20.1 పెడితే అసలు దానికంటే పెద్దదే.

తిప్పే ముందు ఒకటి చూసుకోండి. ఆఫీసు చదరం మానిటర్లు చాలావరకు టీఎన్ అనే ప్యానెల్ రకం. వాటిని కింది నుంచి చూస్తే రంగులు తిరగబడతాయి. ఆఫీసు బల్ల మీద ఎవరూ కింది నుంచి చూడరు కాబట్టి ఎవరికీ పట్టదు. నిలువుగా తిప్పితే ఆ కింది వైపు కాస్తా పక్క వైపు అవుతుంది. ఎడమ పక్కన నిలబడ్డవాడికి ఒక ఆట, కుడి పక్కవాడికి ఇంకో ఆట. తిప్పకపోయినా, మీరు తెరని వెనక్కి వాల్చి బిగిస్తే ఎత్తుగా ఉన్నవాడికీ పిల్లలకీ ఒకేలా కనిపించదు. ఐపీఎస్ గానీ వీఏ రకం గానీ అయితే ఈ గొడవ లేదు. కొనే ముందు బూడిదరంగు బొమ్మ ఒకటి తెర నిండా పెట్టి నాలుగు వైపుల నుంచీ చూడండి. బూడిదరంగు అబద్ధం ఆడదు.

ఆ మార్పిడి డబ్బా సంగతి మీ తప్పు కాదు. అవి 480ఐ ఇస్తాయి, అంటే మాస్టారు చెప్పిన బేసి, సరి గీతల పద్ధతి. వణుకుడు అందుకే. మీ రాస్ప్‌బెర్రీ పై బోర్డు 3.5 ఎంఎం రంధ్రంలోంచి నేరుగా ఏవీ తీయొచ్చు. కాన్ఫిగ్ ఫైల్లో టీవీ అవుట్ ఆన్ చేసి (enable_tvout=1), ఎస్‌డీటీవీ మోడ్ విలువ 16 పెడితే 240పీ వస్తుంది, అంటే ప్రతిసారీ ఒకే చోట గీసే పద్ధతి, చారలతో సహా. కేబుల్ కొనేటప్పుడు చూసుకోండి, పాత క్యామ్‌కార్డర్ కేబుల్స్‌లో తీగల వరస వేరు. నా దాంట్లో వీడియో ఎర్ర పిన్నులోంచి వచ్చింది, పసుపులోంచి కాదు. అది కనిపెట్టడానికి ఒక ఆదివారం పోయింది. మీ టీవీ ఎలాగూ పట్టదు కాబట్టి ఇది మీకు అక్కర్లేదు, చదివే ఇంకెవరికైనా పనికొస్తుందని రాశాను.

మీ జాబితాలో లేదు గానీ మోర్టల్ కోంబాట్ ఆడేవాళ్ళకి ఒక మాట. ఆ బోర్డు సెకనుకి 54.7 బొమ్మలు ఇస్తుంది. 60 తప్ప తెలియని మానిటర్ మీద సెకనుకి అయిదుసార్లు ఒకే బొమ్మ రెండుసార్లు పడుతుంది, పక్కకి నడిచేటప్పుడు కాలు తడబడినట్టు ఉంటుంది. 48 నుంచి 75 దాకా సర్దుకునే ఫ్రీసింక్ మానిటర్‌కి పీసీ పెడితే అది పోతుంది. రాస్ప్‌బెర్రీ పై 4తో ఆ పని జరగదు. ముస్తఫా, స్ట్రీట్ ఫైటర్ 60కి బాగా దగ్గర కాబట్టి మీరు నిశ్చింతగా ఉండండి.


తెనాలి_జాయ్‌స్టిక్:

మూడు వారాలైంది, చెబుతానన్న మాట చెప్పాలి కదా.

ముందు ఆఫీసు మానిటర్. భోజనం వేళ దాన్ని బల్ల మీద పక్కకి నిలబెట్టి బూడిదరంగు బొమ్మ పెట్టాను. కుడి నుంచి చూస్తే సరే. ఎడమకి వెళ్ళేసరికి బూడిద కాస్తా పాత ఫొటో నెగటివ్‌లా మారింది. మా అకౌంట్స్ ఆయన వచ్చి 'ఏం చేస్తున్నారండీ' అన్నారు. నేను బల్ల చుట్టూ వంగి వంగి తిరుగుతున్నాను మరి. 700 మిగిలాయి.

తర్వాత మా పిన్ని కూతురి పెళ్ళికి హైదరాబాద్ వెళ్ళాల్సి వచ్చింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక్క గంట అని చెప్పి సికింద్రాబాద్ వెళ్ళి, సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో పాత మానిటర్ల కొట్లు తిరిగాను. నాలుగు కొట్లలో 'చదరం' అంటే 17, 19 మాత్రమే. అయిదో కొట్లో స్టాండ్ లేని 20.1 ఒకటి గోడకి ఆనించి ఉంది, మీద రెండు కీబోర్డులు. వెనక స్టిక్కర్ చదివితే 1600×1200. కొట్టు కుర్రాడు 3,500 అన్నాడు, స్టాండ్ లేదు కదా అని 2,800కి తెగ్గొట్టాను. బూడిదరంగు బొమ్మ ఫోన్‌లో తీసుకెళ్ళాను. ఎడమ అంచు కాస్త పచ్చగా ఉంది, ఏ వైపు నుంచి చూసినా తిరగబడలేదు. ప్లగ్గు పీకి మళ్ళీ పెట్టమన్నాను. దానంతట అదే వెలిగింది. మాస్టారూ, ఆ మాట మీరు టీవీ గురించి చెప్పారు గానీ మానిటర్‌కి అంతకంటే అవసరం. పెట్టెలోపల బిగించేశాక దాని బటన్ నొక్కడానికి నా వేలు ఎక్కణ్ణుంచి దూరుతుంది? పెళ్ళి బట్టల్లోనే దాన్ని ఒళ్ళో పెట్టుకుని బస్సులో వచ్చాను.

తిప్పే బిగింపు ముచ్చట మాత్రం తీరలేదు. ఈసారి కార్పెంటర్ గారే ఆపారు. అట్టముక్క మానిటరంత కోసి, మధ్యలో మేకు కొట్టి, పెట్టెలో తిప్పి చూపించారు. ఫ్రేముతో 445×345. మూల నుంచి మూలకి 560 దాటుతుంది, పెట్టె 508. కాస్త తిరగ్గానే మూల ప్లైకి కొట్టుకుని ఆగిపోయింది. 'ఈసారి కొలత నేనే తీశానండీ' అన్నారు. ఆ మాట ఎందుకన్నారో నాకు తెలుసు.

వెనక నాలుగు రంధ్రాల బిగింపు 100×100. అడ్డంగా ప్లై ముక్క వేసి దానికి బిగించాం. ఎం4 స్క్రూలు, 25 ఎంఎం పొడవు: 18 ప్లైకి పోగా లోపలికి 7. నేను మొదట 35వి తెచ్చాను. బిగించేముందు కార్పెంటర్ గారు ఒకటి పక్కన పెట్టి చూసి, 'ఇది తెరలోంచి బయటికొస్తుంది' అన్నారు. రెండు పక్కలా అంగుళంపావు చొప్పున మిగిలిన సందుకి నల్ల చార్టు మడిచి పెట్టాను. రాస్ప్‌బెర్రీ పై నుంచి మానిటర్‌కి హెచ్‌డీఎమ్‌ఐ, డీవీఐ కేబుల్. అందులో శబ్దం రాదని ఆన్ చేశాక తెలిసింది! రాస్ప్‌బెర్రీ పై బోర్డు 3.5 రంధ్రంలోంచి చిన్న ఆంప్ బోర్డుకి, దాన్నుంచి రెండు పాత స్పీకర్లకి లైను లాగాను.

ముస్తఫా సంగతి చెప్పనక్కర్లేదు. మొన్న ఆదివారం ముగ్గురం నిలబడితే బావమరిది మోచెయ్యి నా డొక్కలో, నాది తోడల్లుడి డొక్కలో. షేడర్ వేస్తే చారలు సమంగా, ఎక్కడా అల లేకుండా నిలిచాయి. దగ్గరికెళ్ళి చూస్తే ట్యూబు కాదని తెలుస్తుంది. రెండడుగులు వెనక్కి వస్తే నాకైతే తేడా తెలియలేదు. చుట్టూ నల్ల చార్టు, మీద అద్దం ఉన్నందువల్ల కూడా కావచ్చు.

ఇక అసలు న్యాయమూర్తి. ప్యాక్‌మ్యాన్ పెట్టి పిలిచాను. 15 అంగుళాలే. ఏమంటుందోనని నేను బటన్ల పలక తుడుస్తున్నట్టు నటిస్తూ పక్కనే ఉన్నాను. ఆవిడ నిలబడి ఆడింది, అంటే ముక్కుకీ తెరకీ మధ్య రెండడుగులే. పోస్టుకార్డు మాట మళ్ళీ రాలేదు. నాలుగో స్టేజీలో చచ్చిపోయి 'ఈ స్టిక్కు గట్టిగా ఉంది, మార్చు' అంది. మానిటర్ పాసైనట్టే లెక్క.

మామగారి టీవీ మళ్ళీ అటకెక్కింది. ఎక్కించేటప్పుడు ఆయన కింద నిలబడి 'జాగ్రత్త, అది మీ పెళ్ళికి ముందు కొన్నది' అని మూడుసార్లు అన్నారు.


పిక్చర్‌ట్యూబ్_మాస్టారు:

సంతోషం బాబూ. అటక మీద తెర గోడవైపు ఉండేలా పెట్టండి, మీద ఏమీ పెట్టకండి, మెడ దగ్గర దెబ్బ తగిలిందంటే ట్యూబు పోయినట్టే.

మోడల్ నంబర్ అడిగాను, మీరు రాయనేలేదు. మామగారు అమ్ముతారేమో ఒకసారి మెల్లిగా కనుక్కోండి. రాజమండ్రి నుంచి ఆటో మాట్లాడుకుని నేనే వస్తాను.